నీళ్లలో చూసిన గడియారం

దయ్యాలు, గాలి సోకడాలు, చేతబడులు నా తలకెక్కవు. ఇబ్రహీంపట్నంలో బోరు మోటార్లు బాగుచేసే దుకాణం నాది. ఏ వేళలో పిలిచినా పొలాల్లోకి ఒక్కణ్ణే పోయి పని చూసుకుని వచ్చినవాణ్ణి. ఒక్కనాడూ నాకేమీ కనబడలేదు. దుకాణం ముందు కూర్చుని ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే, "అన్నా, జర ఆ పానా అందియ్యి" అని మాట మార్చేవాణ్ణి. అలాంటి నేను ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వండి, నాకేం కోపం లేదు.

శేఖర్ బావ మా మేనమామ కొడుకు, నాకంటే కొంచెం పెద్ద. ఒకే కంచంలో తిని పెరిగారంటారే, మేం అలా పెరిగాం. కొత్త కలెక్టరాఫీసు కొంగరకలాన్‌కు వస్తుందనగానే మా చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లు కావడం మొదలైంది. టీకొట్టు దగ్గర గజం రేటు తప్ప వేరే ముచ్చట లేదు. బావ కూడా వ్యవసాయం మానేసి ఒక వెంచర్ కంపెనీలో ఏజెంటుగా చేరాడు. మాటకారి మనిషి, బాగానే అమ్మాడు.

అటువైపే మాకు బాపు ఇచ్చిపోయిన ఎకరంన్నర ఉంది. దాని జీపీఏ తన పేరు మీద చేయమని, అంటే నా బదులు అమ్మే హక్కు తనకు రాసివ్వమని, బావ చాలా రోజులుగా అడుగుతున్నాడు. ఎకరం అమ్మిపెడతానన్నాడు. సర్వే నంబరు ఒకటే కాబట్టి కాగితం మాత్రం మొత్తం భూమికి రాయాలన్నాడు. మిగిలే అర ఎకరంలో బాపు సమాధి ఉంది. అది నా ప్రాణం పోయినా అమ్మనన్నాను.

"మామ సమాధి నేను ముట్టుకుంటనారా? గట్లెట్ల అనుకున్నవ్?" అన్నాడు బావ.

నా భార్య పద్మ మాత్రం "జర ఆగు, తొందరేమున్నది" అంటూనే ఉంది. నేనూ ఇవాళ రేపు అంటూ వాయిదా వేస్తూ వచ్చాను.

ఆ ఏడాది కంపెనీ వాళ్లు బాగా అమ్మిన ఏజెంట్లను అండమాన్ తీసుకుపోయారు. తోడుగా ఇంకొకరిని తెచ్చుకోవచ్చన్నారు. బావ భార్యకు విమానమంటే భయం. ఆమె బదులు నన్ను తీసుకుపోయాడు. సముద్రం చూడడం నాకు అదే మొదటిసారి.

అక్కడ స్కూబా డైవింగ్ ఉంటుందన్నారు. వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని, నోటితో ఊపిరి పీలుస్తూ సముద్రం అడుగుకు పోవడం. వ్యవసాయ బావుల్లో దూకి ఈత నేర్చినవాళ్లం, మాకిదో లెక్కా అనుకున్నాం. నేర్పే అతను హిందీలో అన్నీ వివరంగా చెప్పాడు. నీళ్లలో మాట్లాడలేం కాబట్టి చేతి సైగలు నేర్పాడు. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే అంతా బాగుందని అర్థం. మా ఇద్దరినీ ఒక జత చేసి, ఒకరినొకరు చూసుకుంటూ ఉండాలన్నాడు.

ముందు నేను దిగాను. నేర్పే అతను వెనక నుంచి నా సిలిండర్ పట్టుకుని కిందికి తీసుకుపోయాడు. బావను ఇంకొకతను దింపుతాడన్నారు. కింద రంగురంగుల చేపలు, పగడపు గుట్టలు. భయం పోయి హాయిగా అనిపించింది.

అప్పుడు కుడి ముంజేతికి ఏదో చుట్టుకుంది. సన్నటి దారంలాంటిది, సరిగ్గా కనబడను కూడా కనబడలేదు. నా పనిలో కరెంటు షాకులు చాలానే తిన్నాను. ఇది వేరు. కాల్చిన తీగ చేతికి చుట్టి లాగినట్టు ఉంది.

తల ఎత్తితే ఎదురుగా శేఖర్ బావ. చేయి చాపితే అందేంత దూరం. మొహానికి పెట్టుకున్న అద్దంలోంచి అతని కళ్లు స్పష్టంగా కనబడ్డాయి. పట్టుకొమ్మని చేయి చాపాను. అతను నా చేతిని చూశాడు, నా మొహం చూశాడు. మెల్లగా సున్నా చుట్టి చూపించాడు. ఆ చేతికి బంగారు రంగు గొలుసు గడియారం ఉంది. తర్వాత ఎడమ భుజం మీదుగా తిరిగి వెళ్లిపోయాడు.

నేర్పే అతను నన్ను పైకి తెచ్చాడు. పడవలోకి లాగేసరికి బావ అక్కడే కూర్చుని ఉన్నాడు. తువ్వాలు కప్పుకుని, జుట్టు పొడిగా. నిచ్చెన మీద కాలు పెట్టగానే గుండె దడ పట్టుకుని, నీళ్లలోకి దిగనే లేదట.

నా చేయి చూసి అందరికంటే ముందు లేచింది బావే. మా ఊళ్లో తేలు కుడితే ఏం చేస్తామో అదే చేయబోయాడు. తాగే నీళ్లు పోసి, తువ్వాలుతో గట్టిగా రుద్దాడు. మంట పదింతలైంది. "రగడో మత్!" అని నేర్పే అతను అరిచి బావను పక్కకు నెట్టాడు. అది జెల్లీఫిష్ అని, మంచినీళ్లు పోసినా రుద్దినా విషం ఇంకా ఎక్కుతుందని చెప్పాడు. వెనిగర్ పోసి, అంటుకున్న పోగులను చిన్న పట్టకారుతో తీశాడు. ఒడ్డుకు వచ్చాక ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చేయి పెట్టించాడు. కాసేపటికి మంట దిగింది. చేతి మీద కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చారలు మిగిలాయి.

మంట దిగినా నా మనసు మాత్రం కుదుటపడలేదు. గదికి వచ్చాక ఉండబట్టలేక అడిగేశాను.

"నీళ్లల్ల నన్ను చూసి కూడా ఇడిసిపెట్టి పోయినవేంది బావా?"

బావ మొదట నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి అతని మొహం మాడిపోయింది. గడియారం సంగతి కూడా చెప్పాను. రెండు చేతులూ నా ముందు చాపాడు.

"నా జిందగీల గడియారం పెట్టుకున్ననారా? చూడు, మంచిగ చూడు. నువ్వు నన్ను గింత పరాయోణ్ణి చేస్తవనుకోలే."

నిజమే, బావకు గడియారం అలవాటే లేదు. నేర్పే అతను తీసిన వీడియో ఫోన్‌లో పెట్టి చూశాం. అందులో నేను ఖాళీ నీళ్లలోకి చేయి చాపుతున్నాను. ఎదురుగా ఎవరూ లేరు. బావ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు తల కొట్టేసినట్టయింది. అతని రెండు చేతులూ పట్టుకుని తప్పయిందన్నాను, మనసులో పెట్టుకోవద్దని బతిమాలాను.

ఇంటికొచ్చిన వారంలోనే జీపీఏ మీద సంతకం పెట్టాను. పద్మ వద్దంది. అలాంటి మనిషిని అనుమానించాక ఇంకా ఏ మొహంతో ఆపమంటావని ఆమె మీదే కోప్పడ్డాను.

ఆ తర్వాత బావ రాకపోకలు తగ్గాయి. వెంచర్ పని మస్తుగా ఉందనేవాడు, నేను నమ్మాను. బాపు తిథికి సమాధికి సున్నం వేద్దామని బకెట్, బ్రష్ పట్టుకుని పోయాను. పొలం చుట్టూ కొత్త ప్రహరీ ఉంది. గేటు సందులోంచి చూస్తే లోపలంతా మొరం పోసి చదును చేసి ఉంది. బాపు సమాధి లేదు. అది ఏ మూల ఉండేదో కూడా గుర్తుపట్టలేకపోయాను. ఆ బకెట్ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను.

బావ ఫోన్ ఎత్తలేదు. ఊళ్లో గట్టిగా అరిచి చెప్పుకుందామంటే సంతకం నాదే. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకోవాల్సి వచ్చింది. చివరికి ఒక రోజు పొద్దున రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో దొరికాడు. ఎవరో కొనేవాళ్లతో నిలబడి నవ్వుతున్నాడు.

"బావా, బాపు సమాధి యాడ?" అని దగ్గరికి పోయి చేయి చాపాను.

అతను నా చేతిని చూశాడు, నా మొహం చూశాడు. అంతా సర్దుకుంటుందిలే అన్నట్టు రెండు వేళ్లు కలిపి మెల్లగా సున్నా చుట్టాడు. ఆ చేతికి బంగారు రంగు గొలుసు గడియారం ఉంది. ఎడమ భుజం మీదుగా తిరిగి, ఆఫీసు లోపలికి వెళ్లిపోయాడు.

ఎప్పుడో మాసిపోయిన చారలు సాయంత్రానికి చేతి మీద ఎర్రగా తేలాయి. దవాఖానలో డాక్టరుకు చూపిస్తే, జెల్లీఫిష్ గాయాలు కొందరికి నెలల తర్వాత కూడా తిరగబెడతాయని మందు రాశాడు. చారల సంగతి అంతే అయ్యుండొచ్చు. గడియారం సంగతి ఏ డాక్టరును అడగను?

బాపే చూపించాడని పద్మ అంటుంది. ఊపిరాడక కళ్లు భ్రమించాయని నా స్నేహితుడు అంటాడు. భ్రమ అయితే, బావ ఇంకా కొనని గడియారం నా కంటికి ఎలా ఆనింది? ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఖాళీ నీళ్లు, అందులో నా చేయి. ఇప్పటికీ నాకేమీ అర్థం కాదు.

నమ్మించి గొంతు కోశాడని అందరూ బావను తిడతారు. నేనూ తిడతాను. కానీ ఒంటరిగా కూర్చున్నప్పుడు నాకు గుర్తొచ్చేది భూమి కాదు. మా ఇద్దరిలో ఆ రోజు తప్పయిందని బతిమాలింది నేను. బావ నా భుజం తట్టి, పోనీలేరా అని నన్ను క్షమించాడు.