చల్లారిన పప్పు

ముక్క లేనిదే చిన్నికి ముద్ద దిగేది కాదు.

నలభై దాటిన మనిషిని చిన్ని అనడమేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. అది వాళ్లక్క చిన్నప్పుడు పిలిచిన పిలుపు. ఇంట్లో మొదలై, మెట్లు దిగి, వీధి దాటి, ఆమె పనిచేసే లాండ్రీ దాకా వెళ్లి అక్కడ స్థిరపడిపోయింది. ఆ లాండ్రీకి ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ల బల్లగుడ్డలు, వంటవాళ్ల ఏప్రన్లు బండ్లకొద్దీ వస్తాయి. ఉతికిన తడి దుప్పటిని రెండు చేతులా విదిలించి, అంచులు సరిచూసి, మంచమంత పొడవున్న వేడి రోలరు నోటికి అందించడం చిన్ని పని. పొద్దున నిలబడితే మళ్లీ అన్నం వేళకే కూర్చోవడం. సాయంత్రం ఇంటికి రాగానే, చెప్పులు విప్పకముందే, "అక్కా, ఏం కూర?" అని అడిగేది. చేతికి ఎముక దొరికిందంటే దాని అంతు చూసేదాకా వదిలేది కాదు.

"ఇక చాల్లేవే, దాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనీ," అని అక్క నవ్వేది.

తల్లి పోయినప్పటి నుంచీ చిన్నికి అన్నీ ఆ అక్కే. ఒక హాస్టల్లో వంటమనిషిగా చేసింది. అంతమంది పిల్లలకు వండి, వార్చి, ఇంటికి వచ్చాక చెల్లెలికి మళ్లీ పొయ్యి వెలిగించేది. ఇద్దరికీ పెళ్లి యోగం కలిసి రాలేదు. దానికి ఇద్దరూ పెద్దగా బెంగపెట్టుకున్నదీ లేదు. మూడో అంతస్తులో రెండు గదులు, కిటికీలో ఒక చిన్న తులసి కుండీ, ఒకరికొకరు. అంతే సంసారం.

అలాంటి అక్కకు కడుపులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేస్తున్నంతసేపూ చిన్ని బయట బెంచీమీద కూర్చుని దేవుడితో బేరమాడింది. ఇవ్వడానికి ఆమె దగ్గర నగానట్రా లేవు, ఇల్లూవాకిలీ లేవు. వెతికి చూసుకుంటే ప్రాణంగా ఉన్నది పళ్లెంలో ముక్క ఒక్కటే కనబడింది. "అక్కని నాకు ఉంచెయ్యి తండ్రీ, దాన్ని నీకిచ్చేస్తాను. మళ్లీ ముట్టను," అనుకుంది. తలుపు తెరుచుకుని డాక్టరు వచ్చి, గండం గడిచిందన్నాడు. చిన్ని అక్కడే గోడకు తల ఆనించి ఏడ్చింది.

ఆ మొక్కు సంగతి అక్కకు చెప్పలేదు. నీ ప్రాణం కోసం నేనిది మానేశానని చెబితే, తాను తినే ప్రతి పప్పుముద్దా అక్క మెడకు బరువవుతుందని ఆమె భయం. తినాలనిపించడం లేదు, మానేశాను అని ఊరుకుంది.

"మానేశావా? నువ్వా?" అని అక్క మంచంలోంచే నవ్వింది. "ఎన్నాళ్లులే. ఆదివారం దాకా."

ఆదివారం వచ్చింది, పోయింది. చిన్ని ముట్టలేదు. అయితే ముట్టకపోవడం వేరు, దాని బదులు ఏం తినాలో తెలుసుకోవడం వేరు. మీల్‌మేకర్ వండుకుంటే చెప్పు అట్ట నమిలినట్టుంది. చిక్కుడు గింజలు నానబెట్టకుండా ఉడికిస్తే గులకరాళ్లలా పళ్లకింద కటకటలాడాయి. పప్పు నీళ్లలా ఉంటే కడుపు నిండదు, గట్టిగా ఉంటే గొంతు దిగదు. గింజలు తినీ తినీ పొట్ట ఉబ్బిపోయి రోలరు దగ్గర నిలబడలేక నిలబడుతుంటే, బాయిలరు చూసుకునే బాబాయి పక్కనుంచి వెళుతూ ఆగాడు.

"నా బాయిలర్ కన్నా నీ కడుపే ఎక్కువ ఆవిరి పడుతున్నట్టుందే చిన్నీ. ఓ గొట్టం బిగించమంటావా?"

అందరూ నవ్వారు. చిన్నీ నవ్వింది. నవ్వనిది కుట్టు పెద్దమ్మ ఒక్కర్తే. ఆవిడ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని చిరిగిన దుప్పట్లకు మాసికలు వేస్తుంది. పుట్టాక మాంసం ముట్టని మనిషి. ఆ మధ్యాహ్నం తన డబ్బా తెచ్చుకుని చిన్ని పక్కన కూర్చుంది.

"గింజని రాత్రే నానెయ్యాలమ్మా. పొద్దున ఆ నీళ్లు పారబోసి కొత్తనీళ్లు పొయ్యి. వేళ్లమధ్య నొక్కితే వెన్నలా అణిగిపోవాలి, అప్పటిదాకా పొయ్యి దించకు. కాసిని వేయించిన పల్లీలు జేబులో ఉంచుకో, నీరసం వచ్చినప్పుడు నోట్లో వేసుకో. ఒక్కరోజులో అలవాటయ్యేది కాదిది."

ఆనాటి నుంచి ఇద్దరి డబ్బాలూ కలిశాయి. అందులోంచి ఇటు రెండు చెంచాలు, ఇందులోంచి అటు రెండు చెంచాలు. పంటినొప్పి అని చెప్పి పెద్దమ్మ తన వంతు పన్నీరు ముక్కలు చిన్ని వైపు తోసేసేది. ఆ నొప్పి పన్నీరు తెచ్చిన రోజే వచ్చేదని చిన్ని ఎప్పుడో కనిపెట్టింది. ఎందుకు మానేశావమ్మా అని ఒకసారి ఆవిడ మెల్లగా అడిగితే, ఎవరికీ చెప్పని మొక్కు ఆవిడకు చెప్పేసింది. పెద్దమ్మ చిన్ని చెయ్యి నిమిరింది.

అయినా ఒకరోజు రోలరు దగ్గర చిన్నికి కళ్లు తిరిగాయి. దుప్పటి వంకరగా పోయి ముడుచుకుంది. బాబాయే ఇంటిదాకా దిగబెట్టి వెళ్లాడు. అప్పటికి లేచి తిరుగుతున్న అక్క, చెల్లెలి మొహం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఎముకలు తేలాయే నీకు. ఇక నీ వంట నువ్వు వండుకోకు. నీ పప్పేదో నేనే చేసిపెడతాను, నాకొదిలెయ్యి."

మర్నాటి పప్పు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చిన్ని కాసేపు నమలడం మరిచిపోయింది. చిక్కగా, ఎర్రగా, కడుపులోకి దిగుతుంటే చలికి కప్పుకున్న దుప్పటిలా ఉంది.

"ఏం వేశావక్కా ఇందులో?"

"ఏముందే. ఉల్లిపాయ బాగా ఎర్రబడనిచ్చాను. వంటకి ఓపిక కావాలి, నీకది లేదు."

చిన్ని రెండోసారి వడ్డించుకుంది. అక్క మాత్రం తనకు పప్పు అరగదని మజ్జిగ పోసుకుంది. వారాలు గడిచేసరికి చిన్ని బుగ్గలు నిండాయి. దుప్పట్లు మళ్లీ తిన్నగా రోలరులోకి వెళ్లాయి. ఇచ్చింది పుచ్చుకుని ఊరుకోకుండా దేవుడు బదులుగా తనకు ఈ రుచిని చేతిలో పెట్టాడని పొద్దున్నే దణ్ణం పెట్టుకునేటప్పుడు అనుకునేది. లాండ్రీలో కనబడినవాళ్లందరికీ పప్పు గొప్పతనం చెప్పేది. పెద్దమ్మకైతే రెండు చెంచాలు కాస్తా నాలుగయ్యాయి.

"మీ అక్క చెయ్యి మంచిదమ్మా," అనేది పెద్దమ్మ, డబ్బా మూత కూడా తుడుచుకుని తింటూ.

లాండ్రీలో గోడవెంట పోయే ఆవిరి గొట్టం ఒకటుంది. పొద్దున రాగానే అందరూ తమ డబ్బాలు దానిమీద పెట్టేస్తారు. అన్నం వేళకు మూత తీస్తే పొగలు వస్తాయి. బయట ముసురు పట్టిన ఒకరోజు బాయిలరు మొరాయించింది. బాబాయి మోచేతులదాకా మసి పూసుకుని, "ఇవాళ అందరికీ చల్లన్నమే, నన్ను తిట్టుకోకండి," అన్నాడు.

కిటికీ దగ్గర కూర్చుని చిన్ని తన డబ్బా మూత తీసింది. పప్పు మీద తెల్లగా ఒక పొర కట్టి ఉంది. చెంచాతో తడితే పెళుసుగా పగిలింది.

"మీ అక్క నెయ్యి దండిగా వేసినట్టుందమ్మా," అంది పెద్దమ్మ.

వాళ్లింట్లో నెయ్యి లేదు. ఉన్నా, నెయ్యి ఎలా ఉంటుందో చిన్నికి తెలుసు. ఆ తెల్లటి పలుకు ఒకటి తీసి వేలిమీద పెట్టుకుంది. నెయ్యయితే ఒంటి వేడికే జారిపోవాలి. ఇది జారలేదు. మైనంలా వేలికి అంటుకుని కూర్చుంది. ఇలాంటి జిడ్డును ఆమె ఏళ్ల తరబడి చూస్తోంది. మాంసం వండేవాళ్ల ఏప్రన్లకు ఉంటుంది. చన్నీళ్లు తగిలితే తెల్లగా బిగుసుకుంటుంది, సలసల కాగే నీళ్లు పోస్తే తప్ప వదలదు.

చిన్ని తలెత్తలేదు. పక్కన పెద్దమ్మ చేతిలో చెంచా కూడా ఆగిపోయింది. చిన్ని వేలినీ మొహాన్నీ చూసి ఆవిడ ఆ పప్పు డబ్బా మూత నెమ్మదిగా వేసేసింది. లేచి కొళాయి దగ్గరకు వెళ్లి నోరు పుక్కిలించింది. మళ్లీ పుక్కిలించింది. నీళ్ల చప్పుడు చాలాసేపు వినబడింది. ఆవిడ ఇక ఇటు రాదనుకుంది చిన్ని. వచ్చింది. అదే చోట, అంతే దగ్గరగా కూర్చుంది.

"పెద్దమ్మా, నా చేత్తో నేను మీకు..."

"పప్పనుకుని పెట్టావు. పప్పనుకుని తిన్నాను. దేవుడికి ఇంతకన్నా చెప్పుకునేదేముందమ్మా. నా డబ్బాలోది ఇద్దరం తిందాం, రా." మాట నిబ్బరంగానే ఉంది. చిన్నికి ముద్ద దిగలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అక్క ఉల్లిపాయలు తరుగుతోంది. చిన్ని డబ్బా ఆవిడ ముందు పెట్టి మూత తీసింది.

అక్క కత్తి ఆగింది. "వేడి చేసుకోలేదా?"

నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే. ఇక అడగడానికేమీ మిగల్లేదు. అయినా చిన్ని అడిగింది.

"ఏంటక్కా ఇది?"

"ముందు కూర్చోవే."

"ఏంటిది?"

"బొమికల నీళ్లు." అక్క చేతులు తుడుచుకుంది. "మాంసం కొట్టాయన దగ్గర బొమికలు తెచ్చి, మరగబెట్టి, గుడ్డలో వడగట్టి, ఆ నీళ్లలో పప్పు ఉడికించాను. ముక్క ఒక్కటీ వెయ్యలేదు. ఒట్టు."

"ఎప్పట్నించి?"

"నువ్వు కళ్లు తిరిగి పడ్డ మర్నాటి నుంచి."

అంటే ఆ మొదటి ముద్ద నుంచి. తనకు దొరికిందనుకున్న రుచి, పొద్దునే పెట్టుకున్న దణ్ణాలు, లాండ్రీ అంతా చెప్పుకున్న గొప్పలు అన్నీ ఆ డబ్బాలో తెల్లగా గడ్డకట్టి కనబడ్డాయి చిన్నికి. ఇచ్చేశానని దేవుడికి ఒక చెయ్యి చూపిస్తూ, రెండో చేత్తో తీసుకు తింటున్న మనిషిని చేసింది అక్క తనని.

"నా కళ్లముందు పుల్లలా ఎండిపోతుంటే చూస్తూ ఊరుకోమంటావా?" అంది అక్క. "హాస్టల్లో తిననని మొండికేసిన పిల్లలకి ఎంతమందికి పెట్టలేదు ఇలా, అందులో ఇదీ ఇందులో అదీ కలిపి. ఒక్కళ్లూ చావలేదు."

"నేను నీ హాస్టల్ పిల్లనా?"

"నాకెప్పుడూ పిల్లవే. నచ్చిందనలేదా నువ్వు? రెండేసిసార్లు వడ్డించుకోలేదా?"

"పెద్దమ్మ కూడా తింది. రోజూ నేనే పెట్టాను."

"ఏ పెద్దమ్మ?"

"కుట్టు పెద్దమ్మ. పుట్టాక ముట్టని మనిషి."

అక్క స్టూలు లాక్కుని కూర్చుంది. మొహంలో రంగు దిగిపోయింది. ఆవిడ తేరుకోకముందే చిన్ని మిగిలినదీ చెప్పేసింది. ఆస్పత్రి బెంచీ, అడిగిన వరం, ఇచ్చిన మాట. ఇన్నాళ్లూ అక్క మెడకు బరువని దాచినదాన్ని ఇప్పుడు బరువు కావాలనే విసిరింది.

అక్క తరిగిన ఉల్లిపాయలను ఒక పక్కకు తోసింది.

"నా ప్రాణానికి మొక్కుకుని నాకు చెప్పలేదే నువ్వు."

"ఎవరికీ చెప్పలేదు."

"ఆవిడకి?"

చిన్ని డబ్బా మూత వేసేసింది.

"చెప్పావన్నమాట. ఆ ఒక్కరూ నేనెందుకు కాలేదే? తెలిస్తే నా చెయ్యి అంత పని చేసేదా?"

"దానికీ దీనికీ ముడిపెట్టకక్కా," అంది చిన్ని. కానీ ఆ మాట తగలవలసిన చోట తగిలింది. తగిలినా కోపం తగ్గలేదు.

మర్నాడు దణ్ణం పెట్టుకోబోతే ఏమని అడగాలో తోచలేదు. మొక్కు ఉన్నదో పోయిందో తెలియదు. "మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాను, అక్క జోలికి రాకు," అని మాత్రం అంది. రాత్రే నానేసిన శనగలు ఉడకబెట్టి, వేళ్లమధ్య నొక్కి చూసి, ఉల్లిపాయలతో కలిపి ఇనప మూకుట్లో అడుగంటేదాకా వేయించింది. అంటుకున్నదాన్ని గీకి మళ్లీ కలిపింది. మొదట మాడింది. తర్వాత చప్పబడింది. కొన్నాళ్లకు ఒక పొద్దున, పొయ్యి దగ్గరే నిలబడి ఒక గింజ, ఇంకో గింజ నోట్లో వేసుకుంటూ పోతే మూకుడు సగమయింది. ఎవరూ ఏమీ కలపకుండా, తన చేత్తో వండింది, తనకు నచ్చింది. ఉల్లిపాయ సంగతి మాత్రం అక్క నిజమే చెప్పింది. అది తలుచుకుంటే ఇంకా కష్టంగా ఉండేది.

ఆ శనగలు లాండ్రీకి తీసుకెళ్లింది. ఆవిరి గొట్టం మీంచి డబ్బా తీసి, పెద్దమ్మకు పెట్టాలా వద్దా అని మూత పట్టుకుని నిలబడింది. పెద్దమ్మే చెంచా చాచింది. పొగలు పోయేదాకా ఆగకుండా, చల్లారేదాకా చూడకుండా, ఊదుకుంటూ నోట్లో వేసుకుంది.

"బాగా అణిగాయమ్మా," అంది. చిన్ని మొహం పక్కకు తిప్పుకుంది.

ఇంట్లో మాత్రం ఆమెకు అలా వేడివేడిగా తినడం చేతకాలేదు. అక్క మళ్లీ బొమికలు తేలేదు, వడగట్టే గుడ్డ కూడా పారేసింది. ఉత్త నీళ్లలో పప్పు ఉడికించి గిన్నె ముందు పెట్టేది. చిన్ని చెంచా పట్టుకుని కూర్చునేది. పొగలు తగ్గేవి, ఆగిపోయేవి, గిన్నె చల్లబడేది. పైన తెల్లగా ఏమీ కట్టలేదని చూసుకున్నాకే మొదటి ముద్ద తినేది. ఎదురుగా అక్క ఇదంతా చూసేది.

ఒక సాయంత్రం చిన్ని వచ్చేసరికి బల్లమీద పళ్లెం ఉంది, పప్పు లేదు.

"కిటికీలో పెట్టాను," అంది అక్క. "గాలి తగులుతోంది. తొందరగా చల్లారుతుంది."

కుండీ పక్కన గిన్నె ఉంది. ఇద్దరూ దాని వైపే చూస్తూ కూర్చున్నారు. అక్క తన మజ్జిగ కూడా ముట్టుకోలేదు. కాసేపటికి లేచి వెళ్లి, గిన్నె తెచ్చి చెల్లెలి ముందు పెట్టింది. పప్పు మీద ఏ పొరా లేదు.

అయినా చిన్ని ఇంకాసేపు ఆగింది.