చప్పిడి తిననన్న ఊర్మిళ

మెట్టుగూడలో రైల్వే క్వార్టర్ల వైపు తిరిగే సందు మొదట్లో ఊర్మిళ కర్రీ పాయింట్ ఉంది. పొద్దెక్కేసరికి అక్కడి పోపు వాసన సందు చివరిదాకా పోతుంది. భర్త రాఘవేందర్ ఆటో నడుపుతాడు గానీ, ఆ ఇంటిని నిలబెట్టింది మాత్రం ఆమె పొయ్యే. యాభై దాటిన మనిషి. ఎవరేమన్నా జవాబు రేపటికి దాచిపెట్టుకునే అలవాటు ఆమెకు లేదు.

మొన్న ఎండాకాలం, వంకాయలు వేయిస్తుంటే ఛాతీలో బరువుగా పట్టేసింది. ఎడమ భుజం లాగింది. గ్యాస్ అనుకుని సోడా తాగి మళ్లీ గరిటె అందుకుంది. పప్పు కోసం వచ్చిన మేబెల్ ఆమె ముఖం మీది చెమట చూసింది. లాలాగూడ రైల్వే స్కూల్లో టీచరుగా చేసి రిటైరైన మేబెల్ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పొయ్యి ఆర్పేసి, ఊర్మిళ చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి తీసుకెళ్లి, కనిపించిన ఆటో ఎక్కించింది. ఆ సాయంత్రమే ఊర్మిళ గుండెకు స్టెంట్ వేశారు.

ఇంటికి వచ్చాక రాఘవేందర్ తీర్పు చెప్పేశాడు.

"ఇగ దుకాణం బంద్. ఇంట్ల కూసో. జావ తాగి రెస్ట్ తీస్కో."

"స్టెంట్ గుండెకేసిన్రు. చేతులకు గాదు."

"పరేషాన్ చెయ్యకు ఊర్మిళా."

"పరేషాన్ చేసేది నువ్వు. గీ చప్పిడి జావ చూస్తుంటే బతకబుద్ధయితలేదు."

చెకప్‌కు పోయిన రోజు ఆమె డైటీషియన్‌ను వదల్లేదు. "మేడం, ఎల్లిగడ్డ, మెంతులు, ధనియాలు సుత మానాల్నా?"

"అవెందుకు మానడం? ఆకుకూరలు, పప్పులు, వెల్లుల్లి అన్నీ తినండి. ఉప్పు తగ్గించండి. ఒకసారి కాగిన నూనె మళ్లీ వాడొద్దు. అప్పడాలు, పచ్చళ్లు పక్కన పెట్టండి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు."

"మరి రుచి లేకుండ తినుమని ఎవరన్నరు?"

"నేనైతే అనలేదు," అని నవ్విందామె.

డాక్టర్ సరేననగానే ఊర్మిళ దుకాణం తెరిచింది. మొదట్లో అన్నీ తప్పులే. ఉప్పు తగ్గించి వండిన గంగవాయిలి కూర పప్పును రాఘవేందర్ రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపాడు. "ఆస్పత్రి కూర లెక్కున్నదక్కా," అని కొనేవాళ్లు ముఖం మీదే అన్నారు. కొందరు పక్క వీధికి మళ్లారు. ఆమె ఉప్పు డబ్బా జోలికి పోలేదు. పులుపు మీద పడింది. పప్పులో చింతచిగురు వేసింది, దింపాక నిమ్మకాయ పిండింది. జీలకర్ర, ధనియాలు నూనె లేకుండా దోరగా వేయించి అప్పటికప్పుడు దంచింది. అవిసె గింజలు వేయించి, ఎల్లిగడ్డ, ఎండుమిర్చి కలిపి కారం కొట్టింది. వేపుళ్ల మూకుడును అటక మీద పెట్టేసింది. "గదేందక్కా, చిప్స్ సుత లేవా?" అని అడిగినవాళ్లకు, "గవి కావాల్నంటే వేరే దుకాణం చూస్కో," అని చెప్పేది. పోయినవాళ్లలో సగం మంది ఆ అవిసెల కారం కోసమే తిరిగొచ్చారు.

అప్పుడు ఊడిపడ్డాడు పురుషోత్తం, రాఘవేందర్ అన్న. మల్కాజ్‌గిరిలో ఉంటాడు. ఏవో మూలికల పొడిని ప్యాకెట్లు కట్టి 'గుండె బలం' అని అమ్ముతాడు. ఊర్మిళ తన పొడితోనే కోలుకుందనీ, మాత్రలన్నీ పారేసిందనీ వాళ్ల కాలనీలోనే అప్పటికే చెప్పుకుంటున్నాడు. ఆ సంగతి ఆమెకు తెలియదు.

తెలిసింది మేబెల్ వల్ల. మేబెల్ తమ్ముడు ఆర్థర్ బాత్రూంలో కళ్లు తిరిగి పడిపోయాడు. ఎప్పటి నుంచో బీపీ ఉన్న మనిషి, మాత్రలు ఆపేసి ఆ పొడి తాగుతున్నాడట.

"ఎందుకు ఆపావు అంటే, ఊర్మిళ ఆపింది కదా అన్నాడు," అంది మేబెల్.

ఊర్మిళకు ఒళ్లు మండింది. ఆ ఆదివారమే పురుషోత్తం కాలనీ హాల్లో తన పొడి గురించి మీటింగ్ పెట్టాడు. వచ్చి రెండు ముక్కలు మాట్లాడమని ఆమెను ముందే అడిగి ఉన్నాడు. "వస్త బావా," అని ఫోన్ చేసి చెప్పింది.

హాలు నిండింది. "ఇగో, మా మరదలు! చావు దాక పోయొచ్చింది. ఎట్ల బాగయిందో ఆమె నోటెంటనే వినుండ్రి," అంటూ పురుషోత్తం మైకు చేతికిచ్చాడు.

"ఈ పొడి నేను నోట్ల ఏసుకోలే," అంది ఊర్మిళ.

వెనక వరసకు కూడా వినపడేలా మైకును నోటి దగ్గరికి పెట్టుకుంది.

"ఎల్లిగడ్డ తింటున్న, అవిసెల కారం తింటున్న, ఆకుకూరలు తింటున్న. గుండెకు మంచివే. గని అవి తిండి. మందులు గావు. మూసుకపోయిన నరం తెరిసింది డాక్టర్లు. మాత్రలు రోజు ఏసుకుంటున్న. ఎవరన్న నన్ను చూసి మాత్రలు బంద్ చేసి ఉంటే, రేపే డాక్టర్ దగ్గరికి పోండ్రి."

పురుషోత్తం మైకు లాక్కోబోయాడు. "ఇంటి ఇజ్జత్ తీస్తున్నవ్!"

"ఇజ్జత్ పోతే మళ్ల తెచ్చుకుందం బావా. పానం పోతే ఏడికెంచి తెస్తరు మీరు?"

వెనక వరసలో ఒక పెద్దాయన లేచి, చేతిలోని ప్యాకెట్‌ను కుర్చీలో పడేసి బయటికి నడిచాడు. ఆయన వెనకే మరికొందరు లేచారు.

ఇల్లు చేరగానే రాఘవేందర్ అరిచాడు. "నలుగురి ముందట మా అన్నను గట్లనాల్నా?"

"నలుగురి పానాల తోటి మీ అన్న గట్ల ఆడాల్నా?"

ఆ పూట అతను తినకుండా పడుకున్నాడు. వారం తర్వాత ఆర్థర్‌ను చూడటానికి ఇద్దరూ కలిసే పోయారు. ఆర్థర్ మళ్లీ మాత్రలు మొదలుపెట్టాడు. అక్కడున్న బీపీ మిషన్‌లో మేబెల్ ఊరికే రాఘవేందర్ చెయ్యి కూడా పెట్టించింది. అంకె ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ చూపించింది.

"నాకేం తక్లీఫ్ లేదు," అన్నాడు బయటికి వచ్చాక.

"నేను సుత గట్లనే అనుకుని సోడా తాగిన," అంది ఊర్మిళ. ఆటోను తిన్నగా క్లినిక్ వైపు పోనిమ్మంది.

పురుషోత్తం ఇప్పటికీ వాళ్ల గడప తొక్కలేదు. రమ్మని ఆమె పిలవనూ లేదు. పొద్దున మాత్ర వేసుకుని, కొంగు బిగించి, దుకాణం షట్టర్ పైకి ఎత్తుతుంది.