హుసేన్‌బీ చిన్న గంటె

"నా గంటె నాకియ్యి చెల్లే" అన్నది హుసేన్‌బీ.

"ఇయ్యను పోక్కా. కావాలంటే లేచొచ్చి తీసకపో" అన్నాను నేను.

మేమిద్దరం చివరిసారి మాట్లాడుకున్నది ఇంతే. మంచం మీద పడుకునే నవ్వింది. లేచి రాలేదు. ఆమె గరిటె నా దగ్గరే ఉండిపోయింది.

ఈ పొద్దున మొదటి విస్తట్లో వేడన్నం పడగానే మోదుగాకు వాసన గుప్పుమన్నది. ఆ వాసనకు నా తల దానంతట అదే రోడ్డు అవతలికి తిరిగింది. అక్కడ ఆమె హోటలు తలుపులు మూసి ఉన్నాయి. అందుకే మా ఆడబిడ్డ కూతురు శైలజను కూర్చోబెట్టి చెబుతున్నాను, ఆ పిల్ల రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు. మీరెవరూ హుసేన్‌బీని చూడలేదు. పోయిన మనిషి కదా, అంతా మంచే చెబుతానని మాత్రం అనుకోకండి. ఆమెను చూస్తే నాకు కడుపుమంట. ఆమె పోయింది గాని మంట పోలేదు.

పెద్దదోర్నాలలో శ్రీశైలం రోడ్డు మీద మావి ఎదురెదురు హోటళ్లు. రెండింట్లోనూ అదే అన్నం, అదే పప్పు, అదే మజ్జిగ. మా ఆయన పోయాక ఆ పొయ్యి ఒక్కటే నాకు దిక్కు. బస్సు దిగినవాళ్లు నా వైపు తిరిగితే నాకు కూడు, అటు తిరిగితే లేదు. మా ఆయన బతికున్నప్పుడే "పప్పంటే హుసేన్‌బీదే" అనేవాడు, నేను వండిన పప్పు కలుపుకుంటూ. ఆయన్ను క్షమించాను గాని ఆ పప్పును క్షమించలేదు.

మొదట్లో ఇద్దరమూ ప్లాస్టిక్ ప్లేట్లే వాడేవాళ్లం. తిన్నాక అన్నీ వెనకున్న కాలవలోకి పోయేవి. ఒక వానకు కాలవ పూడుకుపోయి నీళ్లు మా వంటిళ్లలోకి వచ్చాయి, ప్లేట్లూ గ్లాసులూ తేలుకుంటూ. నేను చీపురుతో వాటిని మళ్లీ కాలవలోకే తోశాను. ఆమె చీర ఎగదోపుకుని నీళ్లలో నిలబడి, ఒక ప్లేటు ఎత్తి చూపించింది.

"చూడు చెల్లే, మనం పారేసినవి మన అడ్రసు కనుక్కోని వచ్చినాయి."

"నీళ్లు తీస్తే అవే పోతాయిలే అక్కా."

"యాడికి పోతాయి? ఇంగొకరి ఇంటికేగా."

ఆ తర్వాత ఆమె ప్లాస్టిక్ కొనలేదు. ఏ ఆఫీసరూ వచ్చి చెప్పలేదు, ఎవరూ ఫైన్ వేస్తామని బెదిరించలేదు. అడవి పక్క ఊళ్ల ఆడవాళ్ల దగ్గర మోదుగాకు విస్తళ్లు తీసుకుంది, స్టీలు గ్లాసులు తెచ్చింది. కడిగి కడిగి విసుగొచ్చి మానేస్తుందిలే అనుకున్నాను. కాని బోర్లించిన ఆ గ్లాసులు ఎండకు బస్సు దాకా మెరిసేవి. కొండకు పోయే స్వాములు సాయిబుల హోటల్లో తినరులే అని ధైర్యంగా ఉన్నాను. తిన్నారు. వరసకట్టి తిన్నారు. చేసేదిలేక నేనూ ఆకులకు మారాను. "హుసేన్‌బీని చూసి మార్చినావా?" అని ప్రతి ఒక్కడూ అడిగేవాడే.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. సాయంత్రం గడప ముందర ఒక బేసిన్ పెట్టి, ఆకుల్లో మిగిలిందీ గిన్నెల్లో మిగిలిందీ అందులో పోసి, గొంతుక్కూర్చుని కాసేపు దాన్నే చూసేది. దాన్ని బట్టి మర్నాటి బియ్యం కొలిచేది.

"బర్రెల కుడితికే పోతాంది గదక్కా, ఏంది నీ బాధ?" అని అడిగాను ఒకసారి.

"బర్రెకు తవుడు చాలదా? దానికి తాలింపు పెట్టి పప్పు జేస్తామా? కాలిన కట్టె తిరిగొస్తాదా?"

పంతానికి నేనూ బేసిన్ పెట్టాను, ఆమెదానికంటే పెద్దది. నాది నిండి పొర్లేది, ఆమెది అడుగు కనబడేది. ఎదురెదురుగా, రోడ్డున పోయేవాళ్లందరి ముందూ! ఆ కోపమంతా తినేవాళ్ల మీద చూపించాను. ఒకరోజు బేస్తవారిపేట నుంచి ఒకాయన పెళ్లాంతో వచ్చి, సగం అన్నం వదిలేసి లేవబోయాడు. నేను మీదకు పోయి నిలబడ్డాను.

"ఆ అన్నం ఎవరు తినాల? తిని లెయ్యి."

"ఇది హోటలామ్మా, పోలీస్ స్టేషనా?" అని ఆయన ఆకులోనే చెయ్యి కడిగేశాడు. ఆయన పెళ్లాం "రాండి, అవతలికి పోదాం" అని లాక్కుపోయింది. ఇద్దరూ నా కళ్లముందే హుసేన్‌బీ మజ్జిగ తాగారు. ఆ మాట బస్సుల వెంబడి పాకింది. నా బెంచీలు ఖాళీ అయ్యాయి. హోటలు మూసేసి అర్ధవీడులో చెల్లెలింటికి పోదామని సామాన్లు సర్దడం మొదలుపెట్టాను.

అప్పుడు హుసేన్‌బీ రోడ్డు దాటి వచ్చింది, కొంగుకు చేతులు తుడుచుకుంటూ. నా పెద్ద గంటె ఎత్తి చూసింది.

"వాళ్ల ఇస్తట్లోకి చూస్తావెందుకే? నీ గంటెను చూడు, బావిలో ఏసే బక్కెట మాదిరుండాది." నడుముకు దోపుకున్న చిన్న గంటె తీసి నా ముందు పెట్టింది. "దీంతో ఎయ్యి. అయిపోకముందే పోయి, ఇంకొంచెం పెట్టేదా అని అడుగు. అడిగి పెడితే ఇంట్లో తిన్నట్టుంటాది. ఆకులో మెతుకు మిగల్దు."

"నీ గంటె నాకెందుకు? నేను కొనుక్కోలేనా?"

"కొనుక్కో. కొనేదాకా పెట్టుకో."

నేను కొనలేదు. ఆ గంటెతోనే వేశాను, మారు అడిగి అడిగి పెట్టాను. నా బేసిన్ అడుగు కనబడసాగింది. విచిత్రమేమంటే, గంటె చిన్నదయ్యాక జనం నా చెయ్యి పెద్దదన్నారు! బేస్తవారిపేట ఆయన కూడా మళ్లీ వచ్చాడు. "ఇంకొంచెం పెట్టేదా నాయనా?" అన్నాను. కడుపునిండా తిని, "ఇప్పుడు బాగుందమ్మా, హుసేన్‌బీ పద్ధతి" అన్నాడు. అదే గంటెతో నెత్తిన ఒకటి వేద్దామనిపించింది.

ఎదుటి హోటలు మూతపడబోతుంటే గంటె తెచ్చిచ్చే మనిషి ఎక్కడైనా ఉంటుందా? ప్రేమతో ఇచ్చిందో, ఏమిచ్చినా ఇది నన్ను దాటిపోలేదులే అని ఇచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. రెండోదే అయ్యుంటుందని అనుకుంటేనే నాకు నిద్ర పడుతుంది.

ఇప్పుడు బస్సులన్నీ నా వైపే తిరుగుతాయి. గెలిచింది నేనే. నిన్న సాయంత్రం బేసిన్‌లో నమిలేసిన మునక్కాడ పిప్పి, కరివేపాకు రెబ్బలు తప్ప ఏమీ లేవు. రెండు చేతులా ఎత్తి అవతలికి చూపించబోయాను. తాళం కనబడింది. బేసిన్ పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఆమె ఉంటే కూర్చున్నచోటి నుంచే "ఆ కరేపాకు ఎందుకు మిగిలిందే?" అని ఉండేది.

చాలు శైలజా. మొదటి నుంచి ఒకసారి చదివి వినిపించు. ఏంది, నా పేరు ఒక్కచోటా రాలేదా? అంతా ఆమె పేరేనా? పోనీలే, ఇప్పుడు దిద్దొద్దు. "ఇయ్యను పోక్కా" అన్నానే, అది మాత్రం గట్టిగా చదువు. అవతలి దాకా వినబడాలి.