గడ్డపార నోట ‘దించు’ అన్న మాట

గడ్డపార అసలు పేరు ఆ వీధిలో సగం మందికి తెలియదు, తెలిసిన సగం మందీ వాడరు. ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోయడం ఆమె పని. పనిలో చేరిన కొత్తలో ఒక కొట్లో ఇనప్పెట్టెను ముగ్గురు కలిసి జానెడు కూడా జరపలేక ఆయాసపడుతుంటే, ఈమె వెళ్లి భుజం ఆనించి ఒక్క ఊపు ఊపిందట. పెట్టె కదిలింది, పేరు ఖాయమైంది. అప్పటికి అందరి కళ్లకూ ఆమె మగవాడే. ఆ పేరు పెట్టిన పుణ్యాత్ముడెవరో గానీ, గడ్డపారకి ఆడా మగా లేదు కదా, తర్వాత మార్చుకునే అవసరం రాలేదు.

వ్యాపారం అంటే ఒక వ్యాను, నాలుగు పాత దుప్పట్లు, రెండు తాళ్లు, ఇద్దరు మనుషులు. రెండో మనిషి ఆమె బావ, అంటే అక్క మొగుడు. సన్నగా పొడుగ్గా ఉంటాడు. మెట్టెక్కినప్పుడల్లా మోకాలు టక్కుమంటుంది. నోరు ఆ మోకాలికంటే ఎక్కువ చప్పుడు చేస్తుంది.

మెట్ల మీద బరువు ఎక్కించడానికి వాళ్లకో పద్ధతి ఉంది. ఒకరు పై కొస పట్టుకుని వెనక్కి నడుస్తూ దారి చూసి చెబుతారు. ఇంకొకరు కింది కొస పట్టుకుంటారు. బరువంతా కిందివాళ్లదే. తల వంచి, చెంప చెక్కకి ఆనించి మోయాలి, కాళ్ల కింద మెట్టు తప్ప ఏమీ కనబడదు. చేతులు ఇక ఆగవనిపిస్తే ఇద్దరిలో ఎవరైనా ‘దించు’ అనవచ్చు. ఆ మాట వినబడ్డాక రెండోవాళ్లు ఎందుకని అడగకూడదు, ఉన్న మెట్టు మీదే దించాలి. కింది కొస ఎప్పుడూ గడ్డపారదే. దించు అనే మాట ఎప్పుడూ బావదే. పదేళ్లలో ఆమె నోట ఆ మాట ఒక్కసారి కూడా రాలేదు. ఆ విషయం ఆమె ఊరికే మనసులో పెట్టుకుందా అంటే, అదీ లేదు. అన్నం దగ్గర కూర్చుంటే చాలు, ఈరోజు బావ ఎక్కడెక్కడ దించాడో వరసపెట్టి చెప్పి నవ్వేది. అక్క కూడా తక్కువ తినలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో మా ఆయన నోట ముద్దుమాట కంటే దించు అన్న మాటే ఎక్కువ విన్నానని వంత పాడేది. బావ తల వంచుకుని తినేవాడు. దద్దమ్మ బావ అనే బిరుదు ఆయనకు అలా వచ్చింది.

ముప్ఫై దాటాక, ఒక ఆదివారం అక్క ఇంట్లో గడ్డపార మనసులో మాట బయటపెట్టింది. తాను మగవాణ్ని కానని, ఊహ తెలిసినప్పటినుంచీ లోపల ఆడదాన్నేనని, మిగిలిన బతుకు ఆడదానిలాగే బతుకుతానని, అందుకోసం హార్మోన్ల మందులు మొదలుపెట్టబోతున్నానని గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. అక్క ఏడ్చింది, ముక్కు చీదింది, లేచి వెళ్లి బట్టల అల్మరా తెరిచి నీకేది సరిపోతుందో చూద్దాం రమ్మంది. బావ మాత్రం టీలో పంచదార ఎప్పుడో కరిగిపోయినా చెంచా తిప్పుతూనే ఉన్నాడు.

“పెళ్లయినప్పటినుంచీ నాకు ఒకటే లోటు, మరదలు లేదని,” అన్నాడు చివరికి. “ఇన్నాళ్లకి తీరింది.”

అంతే. ఆ రోజునుంచి బావమరిది పోయి మరదలు వచ్చింది. అలవాటుకొద్దీ ఒకటి రెండుసార్లు నోరు జారి, నాలిక్కరుచుకున్నాడు గానీ, మనిషి మాట తప్పలేదు.

డాక్టరమ్మ దగ్గరికి అక్క తోడు వెళ్లింది. పెద్ద కళ్లద్దాల ఆ డాక్టరమ్మ చాలా ఓపికమంతురాలు, కానీ ఆశలు మాత్రం కొలిచి పోస్తుంది. ఇది రెండోసారి ఈడు రావడం లాంటిదమ్మా, మొదటిసారి ఎన్నేళ్లు పట్టిందో ఇదీ అన్నేళ్లు పడుతుంది అని మొదటే చెప్పేసింది. ముందు చర్మం మెత్తబడుతుంది, చెమట వాసన మారుతుంది. కొన్ని నెలలకి రొమ్ముల దగ్గర గడ్డలా తగిలి నొప్పెడుతుంది, అది భయపడే నొప్పి కాదు, పెరుగుదల. ఎంత పెరుగుతుందన్నది ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒంట్లో కొవ్వు నెమ్మదిగా తుంటికీ బుగ్గలకీ చేరుతుంది. ఒంటి మీద రోమాలు పలచబడతాయి గానీ గడ్డం పోదు, దానికి వేరే చికిత్స ఉంది. గొంతు అసలు మారదు, కావాలంటే సాధన చేసుకోవాలి. గొంతు మారదనగానే గడ్డపార మొహం చిన్నబోయింది. అది చూసి అక్క, మన మేనత్త గొంతు నీకంటే బొంగురు, ఆవిడకి ఆరుగురు పిల్లలు అని ఓదార్చింది.

పిల్లల మాట వచ్చింది కాబట్టి డాక్టరమ్మ అదీ అడిగింది. ఈ మందులతో బిడ్డల్ని కనే శక్తి తగ్గిపోవచ్చు, మళ్లీ రాకపోనూవచ్చు, కావాలనుకుంటే మొదలుపెట్టకముందే వీర్యం దాచిపెట్టుకోవచ్చు అంది. పడక మీద కోరికా, ఒళ్లు స్పందించే తీరూ మారతాయని కూడా దాచకుండా చెప్పింది. అక్క ఆ కాసేపూ గోడ మీది గడియారం కేసి చాలా శ్రద్ధగా చూసింది. సిగరెట్లు మానేయాలి. రక్తపరీక్షలు తప్పకూడదు. కాలు వాచి నొప్పెట్టినా, ఊపిరి అందకపోయినా రక్తం గడ్డకట్టిందేమో అని వెంటనే పరిగెత్తుకు రావాలి. తొందరపడి ఒకటికి రెండు మాత్రలు మింగితే ప్రమాదం త్వరగా వస్తుంది తప్ప అందం త్వరగా రాదు. అన్నీ విని తల ఊపాక, ఇద్దరూ లేస్తుంటే డాక్టరమ్మ ఇంకో మాట అంది. కండ తగ్గుతుంది, బలం తగ్గుతుంది, నీ పనేమిటమ్మా?

గడ్డపార మళ్లీ కూర్చుంది.

తిరిగొచ్చే దారిలో అక్క చేత ఒట్టు వేయించుకుంది. డాక్టరమ్మ చెప్పినవన్నీ బావకి చెప్పవచ్చు, బలం సంగతి తప్ప. బలం లేని గడ్డపారని ఎవరు పనిలో పెట్టుకుంటారు? బావ మంచివాడే, కానీ వ్యాను వాయిదాలు బావ మంచితనంతో తీరవు. కింది కొస ఇంకో మనిషికి ఇచ్చేస్తే తాను ఏం చేయాలి? ఆ పని తప్ప ఆమెకి ఇంకో పని రాదు, వచ్చినా ఇష్టం లేదు. అక్క నోట్లో నువ్వుగింజ నానదు. అయినా పాపం, ఈ ఒక్క విషయంలో కడుపు ఉబ్బిపోయినా నోరు విప్పలేదు.

మందులు మొదలయ్యాయి. మగ హార్మోనుని అణిచే మాత్రకి ఒంటికి వెళ్లడం ఎక్కువైంది. కొత్త ఇంటికి సామాను దించడం మొదలుపెట్టకముందే బాత్రూం ఎక్కడుందో వెతకడం ఆమెకి అలవాటైంది. సామాను కంటే ముందు తనే గృహప్రవేశం చేస్తోందని బావ ఏడిపించేవాడు. చెమట వాసన మారిందని ముందు కనిపెట్టింది అక్క. ఉతికే బట్టల్లోంచి చొక్కా తీసి రెండుసార్లు వాసన చూసి, ఇది నీదేనా అని అడిగింది. రొమ్ముల దగ్గర గడ్డ తేలిన వారమే ఒక మంచం కోడు వచ్చి సరిగ్గా అక్కడే తగిలింది. గడ్డపారకి చుక్కలు కనిపించాయి. వ్యాను వెనక్కి వెళ్లి కళ్లనీళ్లు పెట్టుకుంది. సగం నొప్పికి, సగం సంతోషానికి. ఏడుపు కూడా ఈ మధ్య చాలా సులువుగా వస్తోంది. ఖాళీ చేసిన ఇంట్లో గోడ మీద పిల్లల ఎత్తు గీసిన గీతలు కనిపిస్తే చాలు, కళ్లు చెమర్చేవి.

కానీ ఆమె ఎదురుచూసేది మొహంలో మార్పు కోసం. ఎప్పుడు వీలైతే అప్పుడు వ్యాను అద్దంలో చూసుకునేది. అదే దవడ, అదే నుదురు. ఏడాది గడిచినా అద్దంలో ఆ పాత మనిషే. రోజూ చూసుకునేదానికి ఏం తెలుస్తుందే అని అక్క అంటే, నువ్వు ఓదార్పుకి అంటున్నావులే అని కొట్టిపారేసేది.

బలం మాత్రం అద్దం అక్కర్లేకుండానే తెలిసిపోయింది. ఇదివరకు ఒంటి చేత్తో ఎత్తే కుట్టుమిషను రెండు చేతులు అడుగుతోంది. ఫ్రిజ్ ఎత్తాక మోకాళ్లు వణుకుతున్నాయి. ఆమె రకరకాల వేషాలు వేసింది. మలుపు దగ్గర బూటు లేసు ఊడిందనేది. ఫోను మోగిందనేది. ఇంత జరుగుతుంటే బావ ఏం చేశాడంటే, ఎన్నడూ ఒప్పుకోని బరువులు ఒప్పుకోవడం మొదలుపెట్టాడు. పైగా దించు అనడం తగ్గించేశాడు. ఇదివరకు ప్రతి మలుపులో దించేవాడు ఇప్పుడు రెండు అంతస్తులు ఒక్క ఊపులో ఎక్కుతున్నాడు. బావ తనకి పరీక్ష పెడుతున్నాడని, ఇంకో మనిషిని చూసిపెట్టుకునే ఉంటాడని గడ్డపార అనుకుంది. అనుకున్నకొద్దీ పళ్లు బిగించి మోసింది.

అలా ఉండగా కుట్టుపని చేసే ఒకావిడ బీరువా వచ్చింది. నిఖార్సైన చెక్క, వాళ్లమ్మ నాటిది. లిఫ్టులో పట్టదు, మూడో అంతస్తు. తలుపులు ఊడదీస్తామంటే మళ్లీ సరిగ్గా బిగుసుకోవని ఆవిడ ఒప్పుకోలేదు. మా మరదలు ఉందిగా, ఇలాగే ఎక్కించేద్దాం అన్నాడు బావ హుషారుగా.

మొదటి అంతస్తు ఎక్కారు. బావ దించు అనలేదు. రెండో అంతస్తు మలుపు తిరిగారు. బావ పైనుంచి ఎడమకి, కొంచెం ఎడమకి అంటూ పాటలా చెబుతున్నాడే తప్ప, ఆ ఒక్క మాట అనడం లేదు. గడ్డపార చేతులు ముందు మండాయి, తర్వాత వణికాయి, తర్వాత అసలు ఉన్నాయో లేదో తెలియకుండా పోయాయి. తాను వదిలితే బీరువా తన మీద పడుతుంది. అదొక్కటే అయితే ఇంకో రెండు మెట్లు మొండికేసేదేమో. కానీ పైన బావ చెయ్యి చెక్కకీ మెట్ల కమ్మీకీ మధ్య ఉంటుంది, జారితే వేళ్లు నుజ్జవుతాయి. తల ఎత్తకపోయినా ఆమెకి ఆ వేళ్లు కళ్లకి కట్టాయి.

“దించు,” అంది.

బావ ఆగాడు గానీ దించలేదు. మెడ తిప్పి పై అంతస్తు కేసి చూశాడు. పదేళ్లలో కిందినుంచి ఎన్నడూ వినని మాట, పైన ఎవరో అన్నారనుకున్నాడు మహానుభావుడు.

“బావా, నేనే. దించు, నావల్ల కావట్లేదు.”

అప్పుడు దించాడు. బీరువాని మెట్టుకి ఆనించి, తాడు కమ్మీకి కట్టి, పక్కనుంచి దిగి వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. గడ్డపార చేతులు ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తూ, దాచిందంతా కక్కేసింది. బలం తగ్గిందని, తగ్గుతుందని డాక్టరమ్మ ముందే చెప్పిందని, ఇంకా తగ్గవచ్చని, ఇంకో మనిషిని పెట్టుకుంటే పెట్టుకోమని, కానీ తనని వ్యాను ఎక్కనివ్వమని.

బావ నోరు తెరుచుకుని విన్నాడు.

“తగ్గిందా? నేను బలం పెరిగిందనుకుంటున్నానే,” అన్నాడు.

“ఎవరికి?”

“నీకే. మందులు భలే పనిచేస్తున్నాయి అనుకున్నా. అందుకేగా ఇంతింత బరువులు ఒప్పుకుంటున్నా.”

గడ్డపారకి ఏడుపు ఆగిపోయింది. బావ నుదుటి మీద వేలు పెట్టి చూపించాడు.

“ఇక్కడ, ఎడమ కనుబొమ్మ మీద, నీకో నరం ఉండేది. బరువు ఎక్కువైతే ఉబ్బేది. నీకు తెలీదు, నువ్వు తల దించుకుని మోస్తావు. పైనుంచి నాకు కనపడుతుంది. అది ఉబ్బితే ఇక నీ పని అయిపోయిందని, నేను దించు అనేవాణ్ని. పదేళ్లూ అదే చేశా. నా చేతులకేం నొప్పి, బరువంతా నీ దగ్గరుంటే?”

అన్నం దగ్గర నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చి గడ్డపారకి చెవులు వేడెక్కాయి.

“ఈ మధ్య ఆ నరం కనపడట్లేదు,” అన్నాడు బావ. “చూస్తా చూస్తా, ఉబ్బదు. నీ మొహం మారిపోయింది మరదలా. నుదురు నున్నబడింది, బుగ్గలొచ్చాయి. ఆ మొహం చూసి నాకేం తెలియట్లేదు. ఇక దించమని నువ్వే చెప్పాలి.”

“ఏమన్నావు?”

“నువ్వే చెప్పాలి అన్నా.”

“అది కాదు. దానికి ముందు.”

“మొహం మారింది అన్నా. అందులో వింతేముంది, ఎప్పుడో మారింది కదా,” అన్నాడు బావ.

కుట్టుపనావిడ మంచినీళ్లు పట్టుకుని దిగేసరికి, సామాన్లు మోసే ఇద్దరిలో ఒకామె బీరువా తలుపుకున్న అద్దం మీది దుప్పటి తొలగించి, మెట్ల మీద వంగి, తన బుగ్గలు తానే నొక్కి చూసుకుంటూ నవ్వుతోంది. ఆవిడ ఏమనుకుందో గానీ, తలుపులు ఊడదీసుకోవడానికి మారు మాట్లాడకుండా ఒప్పుకుంది. తలుపులు, అరలు విడిగా మోసి పైన పెట్టారు. ఇకమీద ఇలాంటివి ఉంటే మూడో మనిషిని కూలికి పిలుద్దామని, మిగతావాటికి అంతస్తుకోసారి కొసలు మార్చుకుందామని అక్కడే అనుకున్నారు. బావ కింది కొసకి వెళ్లాడు.

గడ్డపార మొదటిసారి పై కొస పట్టుకుంది. వెనక్కి నడవడం కొత్త, ఒకసారి మెట్టు తడబడింది కూడా. కానీ అక్కడినుంచి అన్నీ కనిపిస్తున్నాయి. మలుపు, కమ్మీ, చెక్కకి ఆనించిన బావ చెంప. ఆరు మెట్లు ఎక్కేసరికి బావ కింది పెదవి పళ్ల కిందికి వెళ్లింది. ఇంకో మెట్టుకి చెవులు ఎర్రబడ్డాయి. బావ ఏమీ అనలేదు.

“దించు,” అంది గడ్డపార.

“ఏమైంది?”

“చేతులు లాగేస్తున్నాయి బావా.”

ఆమె చేతులు హాయిగా ఉన్నాయి. బావ బీరువా దించి, మోకాలు టక్కుమనిపిస్తూ మెట్టు మీద కూర్చుని, ఊపిరి కాస్త అందాక, “దద్దమ్మ మరదలు,” అన్నాడు.