ఆ ఏడాదికి ఒక బిడ్డ

ఒహాయో నది ఒడ్డున కిటికీ చట్రాలు తయారుచేసే ఫ్యాక్టరీలో నాడీన్ కూచర్ ఇరవై ఆరేళ్ళుగా జీతాల గుమాస్తా. ఆ ఊళ్ళో సగం మంది చేత మొదటి పన్ను ఫారం నింపించింది ఆవిడే. జీతంలోంచి వారం వారం ఎంత పన్ను పట్టుకోవాలో చెప్పేది ఆ ఒక్క కాగితమే. తప్పుగా నింపితే సంగతి ఏడాది పన్ను లెక్కలు అప్పజెప్పే ఏప్రిల్‌లో గానీ బయటపడదు, అప్పుడిక ఇళ్ళల్లో గొడవలు. అందుకని కొత్తగా చేరినవాళ్ళని బల్ల పక్కన కూర్చోబెట్టుకుని, పెళ్ళయిందా, భార్యకి కూడా ఉద్యోగముందా, పిల్లలెందరు అని ఒక్కొక్కటే అడిగి రాయించేది. "నాడీన్ ముందు అబద్ధమైనా ఆడొచ్చు గానీ తప్పు రాయలేం" అని ఫోర్క్‌లిఫ్ట్ నడిపే లైల్ ఏడిపించేవాడు. ఆ మాట ఆవిడకి లోలోపల బిరుదులా ఉండేది.

అక్టోబరు చివర్లో గాజు కోసే డ్వైట్ పెల్‌ఫ్రీ ఆవిడ గదికి వచ్చాడు. అంతకు రెండు వారాల ముందు అతని భార్య కార్లీన్‌కి నెలలు నిండకుండా కాన్పయింది. మగబిడ్డ. ఆరు గంటలు బతికాడు. ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు. అతని చేతిలో కొత్త ఫారం ఉంది, పిల్లల గడిలో ఒకరికి లెక్క వేసి ఉంది.

"ఆరు గంటలే ఉన్నాడు. వాణ్ణి రాయొచ్చా?" అని అడిగాడు.

కొత్తవాళ్ళు ఆరుగురు కుర్చీల్లో ఎదురుచూస్తున్నారు. నాడీన్‌కి అతని మొహంలోకి చూసే ధైర్యం లేకపోయింది. ఆ సంభాషణ తొందరగా అయిపోతే చాలనుకుంది.

"ఆ గడి ఇంట్లో ఉన్న పిల్లల కోసం, డ్వైట్" అంది.

అతను తలాడించాడు. తను రాసినదాన్ని గీత పెట్టి కొట్టేసి, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నవంబరులో ఒక శనివారం పొద్దున, లైల్ అడిగిన సందేహమేదో చూద్దామని ఆవిడ వంటింటి బల్ల మీద పన్నుల శాఖవారి పుస్తకం తెరిచింది. పేజీ తిప్పుతుంటే ఆ వాక్యం కంటబడింది. ప్రాణంతో పుట్టిన బిడ్డ అదే ఏడాది పోతే, బతికింది క్షణమే అయినా, ఆ ఏడాదంతా ఇంట్లో ఉన్నట్టే లెక్క. మూడుసార్లు చదివింది. కాఫీ అలాగే చల్లారిపోయింది.

సోమవారం దాకా ఆగలేకపోయింది. పుస్తకం, ఒక కొత్త ఫారం తీసుకుని వాళ్ళింటికి వెళ్ళింది. తలుపు తీసింది కార్లీన్. డ్వైట్ హాల్లోనే ఉన్నాడు గానీ ఇద్దరూ ఒకరివైపు ఒకరు చూసుకోవడం లేదు. నాడీన్ నిలబడే విషయం చెప్పి, ఆ పేజీ చూపించింది.

కార్లీన్ వేలు పెట్టి నెమ్మదిగా చదివింది. తర్వాత మొగుడివైపు తిరిగింది.

"నీ జేబులో నాకు దొరికిన కాగితం ఈ ఫారమేనా? వాణ్ణి కొట్టేసింది నీ అంతట నువ్వు కాదా?"

"కొట్టించింది నేనమ్మా" అంది నాడీన్.

"మూడు వారాలుగా ఇతనితో మాట్లాడటం లేదు నేను" అంది కార్లీన్. "చెప్పొచ్చు కదా, డ్వైట్."

"ఏం చెప్పను? గీత పెట్టింది నా చెయ్యే కదా" అన్నాడు.

అతను కొత్త ఫారం నింపుతుంటే, పేరెక్కడ రాయాలని కార్లీన్ అడిగింది. పిల్లల పేర్లకి ఆ ఫారంలో చోటు లేదు, లెక్క మాత్రమే వేయాలి. నాడీన్ ఆ సంగతి చెప్పేలోపే కార్లీన్ పెన్ను అందుకుని అంచున రాసేసింది. రసెల్ డ్వైట్ పెల్‌ఫ్రీ. అదనంగా ఏం రాసినా ఫారం చెల్లదని నాడీన్‌కి తెలుసు. అయినా తీసుకుంది. సోమవారం డ్వైట్‌ని పిలిచి వేరే ఫారం మీద సంతకం పెట్టించుకుని, పేరున్నదాన్ని కవరులో పెట్టి అతనికే ఇచ్చేసింది.

ఏడాది మారింది. జనవరి నుంచి ఆ బిడ్డ లెక్కలోకి రాడు. ఫారం మార్చమని డ్వైట్‌కి చెప్పాలి. ఒక వారం వాయిదా వేసింది, ఇంకో వారం వేసింది. చివరికి ఒక మధ్యాహ్నం అతనే వచ్చాడు. కార్లీన్ వాళ్ళ అక్క దగ్గరికి వెళ్ళిపోయిందనీ, ఎప్పుడొస్తుందో తెలీదనీ కూర్చుంటూనే చెప్పాడు. పేరు, చిరునామా రాశాడు. పెళ్ళయినవాళ్ళ గడిలో గుర్తు పెట్టి కాసేపు దానివంకే చూశాడు. పిల్లల గడి దగ్గర పెన్ను ఆగింది.

"ఇక్కడ సున్నా వేయాలా?"

"వద్దు. ఖాళీగా వదిలెయ్."

వదిలేశాడు. సంతకం పెట్టి, కుర్చీ సర్ది, వెళ్ళిపోయాడు. వసంతం రాకముందే ఉద్యోగం మానేశాడు. కార్లీన్ తిరిగొచ్చిందో లేదో నాడీన్‌కి తెలియలేదు, ఎవరినీ అడగలేకపోయింది.

ఆ తర్వాత ఆవిడ ఎవరికీ వెంటనే జవాబు చెప్పేది కాదు. బాగా తెలిసిన సంగతే అయినా పుస్తకం తెరిచి చూసేది. ఈవిడ బాగా నిదానమని కొత్తవాళ్ళు విసుక్కునేవాళ్ళు.