ఏడో నంబరు బిళ్ళ

మా వరండాలోనే రెండు తలుపుల అవతల ఉండే ఎర్సీలియాక్క, మిలాన్‌లో ఒక ఒపేరా బృందంలో ముప్పై ఏళ్ళు పాడింది. నలభై మందిలో ఒకతె. గొంతు జీరబోతోందని బృందనాయకుడు కస్తోల్దీ ఆవిణ్ణి ఇంటికి పంపేశాడు. "నీ గొంతు ఉన్నా లేకపోయినా తేడా తెలీదమ్మా" అన్నాడట. అంత మాట అనడానికి నోరెలా వచ్చిందో! అక్క రెండేళ్ళు ఆ మాటే తలుచుకుంటూ కుమిలింది.

నేను రేడియో స్టూడియోలో టేపులు కోసి అతికించేవాణ్ణి. పందొమ్మిదివందల యాభై తొమ్మిదిలో మా స్టూడియో దొస్సేనా మాస్టారు ఒక వింత కచేరీ తలపెట్టారు. స్పీకర్లలో యంత్రాల కీచులు, గురగురలు వస్తుంటాయి. వేదిక మీద ఒకామె సంచిలోంచి బిళ్ళ తీస్తుంది. ఏ నంబరొస్తే ఆ గొంతు. ఒకటి జోలపాట, మూడు కుక్క అరుపు, నాలుగు వరండాలోంచి పిలుపు, ఏడు ఒపేరా మహారాణి. పది బిళ్ళల్లో ఐదే తీయాలి. పేరున్న గాయనులెవరూ ఒప్పుకోలేదు. ఎర్సీలియాక్క ఏడో నంబరు కోసమే ఒప్పుకుంది. కచేరీకి కస్తోల్దీని తనే పిలిచింది కూడా.

"ఒరేయ్ పియేరో, ఏడు రాకపోతే?"

"కుక్కలా మొరుగు."

"వాడి ముందా? నీ పీక నొక్కుతా!"

జాలేసింది. బిళ్ళలు ఇత్తడివి. ఏడో బిళ్ళని వేడెక్కిన టేపు యంత్రం మీద కాసేపు ఉంచి, కచేరీకి ముందు సంచిలో వేశాను. "వేడిగా తగిలింది లాగెయ్" అని చెవిలో చెప్పాను.

హాలు నిండింది. అక్క సంచిలో చెయ్యి పెట్టింది. వేళ్ళు ఆగాయి, దొరికిందన్నమాట. ఆవిడ నావైపు ఒకసారి చూసి, చెయ్యి పక్కకి జరిపి, ఇంకో బిళ్ళ తీసింది.

నాలుగు!

నడుం మీద చెయ్యేసుకుని, యంత్రాల రొదని చీల్చుకుంటూ పిలిచింది.

"అట్టీలియో! రిసోట్టో చల్లారిపోతోంది, వస్తావా రావా!"

ఆఖరి వరసలో ఆవిడ మొగుడు అలవాటుకొద్దీ లేచి నిలబడ్డాడు. "వస్తున్నానే, గోల చెయ్యకు!"

హాలు ఘొల్లుమంది. మాస్టారైతే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. తర్వాత కుక్కా వచ్చింది, జోలా వచ్చింది. ఏడు మాత్రం రానేలేదు.

"చేతికొచ్చినదాన్ని ఎందుకు వదిలేశావక్కా?" అని కచేరీ అయ్యాక నిలదీశాను.

"ఏం పాడాలో ముప్పై ఏళ్ళు వాడు చెప్పాడు. ఈ ఒక్కపూటా నువ్వు చెబుతావట్రా?"

ఇంతలో కస్తోల్దీ టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు.

"ఎర్సీలియా, ఈ గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావమ్మా?"

"రెండో వరసలో, ఎడమనించి ఆరో చోటండీ. మీ ఎదురుగానే."