సుట్టీ దాకా ఆపుకున్న భయం

పద్మక్క లేదు.

నిన్న పొద్దున కార్ఖానాలో టవళ్లకు అంచు కుడుతుంటే ఫోన్ వచ్చింది. మగ్గాల చప్పుడులో ఏమీ వినపడలేదు. బయటికి వచ్చి తిరిగి చేశాను. ఆమె బిడ్డ రేణుక ఒక్క మాటే అన్నది.

"చిన్నమ్మా, అమ్మ పోయింది."

దాచుకోకుండా చెబుతున్నాను. నాకు ముందు ఏడుపు రాలేదు. నా చెయ్యి నా పక్కటెముకల మీదికి పోయింది. కొన్నాళ్లుగా నాకు నొస్తున్న చోటికి.

తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. పద్మక్కది భవాని పేట్‌లో మా వెనక గల్లీ. బీడీలు చుట్టేది. మా ఇద్దరికీ ఒకటే జబ్బు, బ్రెస్ట్ క్యాన్సర్. ఆమెకు ముందు, నాకు తర్వాత. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయిపోయాయి. ట్రీట్‌మెంట్ కంప్లీట్ అని డాక్టర్ చెప్పిన రోజు మా ఇళ్లల్లో పేడాలు పంచారు.

పేడాలు తిన్నవాళ్లు ఎవరింటికి వాళ్లు పోయారు.

భయం మా దగ్గరే ఉండిపోయింది.

దగ్గు వస్తే ఊపిరితిత్తులకు పాకిందా అని. తల నొస్తే మెదడుకు ఎక్కిందా అని. స్నానం చేస్తుంటే వేళ్లు వాటంతట అవే గడ్డ కోసం వెతుకుతాయి. చెకప్ దగ్గరపడితే ముద్ద దిగదు. ఎవరికైనా చెబితే "పాజిటివ్‌గా ఉండు" అంటారు. మీ పాజిటివ్ మీ దగ్గరే పెట్టుకోండి.

పద్మక్క ఒక్కతే నాతో ఆ మాట అనలేదు.

నా మొదటి చెకప్‌కు ఆమే తోడు వచ్చింది. రిపోర్ట్ కోసం బెంచీ మీద కూర్చున్నాం. ఎదురుగా గోడకు క్యాలెండర్, దాని మీద మన మార్కండేయుడు లింగాన్ని కావలించుకున్న బొమ్మ. పద్మక్క దాన్ని చాలాసేపు చూసింది.

"ఈయనకేంది చెల్లె, యముడు ఒక్కపారే వచ్చిండు. మనకు ఆర్నెల్లకోపారి వస్తడు. గట్టిగ పట్టుకుందామంటే నాకు ఈ చెయ్యి లేవదాయె."

ఆపరేషన్ అయిన చెయ్యి ఆమెకు భుజం దాటి లేచేది కాదు. పక్కన కూర్చున్న పేషెంట్లు కూడా నవ్వారు. నవ్వుతూనే ఆమె నా వేళ్లు పట్టుకుంది. ఆమె వేళ్లు మంచులా ఉన్నాయి. ఆమెకూ నా అంత భయమే ఉందని అప్పుడు తెలిసింది.

ఆ భయంతో బతకడానికి పద్మక్క ఒక రూల్ పెట్టింది.

పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకుని వంగి బీడీలు చుడితే నడుం నొస్తుంది, మెడ నొస్తుంది. ప్రతి నొప్పికీ డాక్టర్ దగ్గరికి ఉరకలేం. అందుకని సుట్టీ దాకా, అంటే సెలవు రోజు దాకా ఆగాలి. పని లేని రోజు తగ్గితే అది పని నొప్పి. తగ్గకపోతే అప్పుడు భయపడాలి.

"భయానికి గూడ సుట్టీ నాడే టైము," అనేది.

నాకు ఆ రూల్ బాగా నచ్చింది. మిగతా రోజులు మిషన్ దగ్గర మనసు పెట్టి పని చేసుకోగలిగాను.

కానీ బీడీలు చుట్టే ఆడదానికి సుట్టీ ఎక్కడుంది?

మొన్న ఎండాకాలం ఒక సెలవు రోజు వాళ్లింటికి పోయాను. బీడీ కంపెనీ బంద్. పద్మక్క గడపలో కూర్చుని మర్నాడు చుట్టడానికి ఆకు కత్తిరిస్తోంది. తడి గోనె మీద ఆకు కుప్ప. ఒక్కో కట్ట కాగానే వెనక్కి వాలి, నడుం గోడకేసి ఒత్తుకుంటోంది. ఎన్నాళ్ల నుంచి అని అడిగాను.

"ఇయ్యాల ఆకు ఎక్కువున్నది, గందుకే. వచ్చే సుట్టీకి సూద్దాం."

పోయిన సుట్టీకి కూడా ఇదే చెప్పిందని రేణుక లోపలి నుంచి అరిచింది. పద్మక్క కత్తెర చూపించి బిడ్డను బెదిరించింది. నేను కూడా నవ్వాను.

మాలో ఆకు కత్తిరించడాన్ని ఎవరూ పని కింద జమకట్టరు. చుడితేనే పని. కత్తెర పట్టుకుని కూర్చుంటే ఖాళీగా ఉన్నట్టే. అట్లా సుట్టీ మీద సుట్టీ గడిచిపోయింది. ఆ నడుముకు మాత్రం ఒక్క సుట్టీ దొరకలేదు.

స్కాన్ తీసేసరికి వెన్నెముకకు పాకింది.

ముందే చూపిస్తే బతికేదా అని డాక్టర్‌ను అడిగాను. అది చెప్పలేం అన్నాడు. ఇంత నొప్పి మాత్రం పడేది కాదు అన్నాడు.

నిన్న శవం దగ్గర వాడకట్టు పెద్దమ్మ ఒకామె అన్నది, "ఊకె భయపడ్తుండె. భయపడి భయపడి మళ్ల తెచ్చుకున్నది." చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు.

నేను అక్కడే తిట్టాను. దుఃఖంలో నోరు జారిందని అనుకుంటున్నారట. జారలేదు. ఇక్కడ మళ్లీ రాస్తున్నాను, చదువుకోండి.

పద్మక్క భయపడి చావలేదు. భయాన్ని ఆపుకుని చచ్చిపోయింది. ఆ భయం నోరు తెరిచినప్పుడల్లా మీరంతా "మళ్ల మొదలుపెట్టినవా" అన్నారు. అందుకే ఆమెకు ఆ రూల్ కావలసి వచ్చింది.

ఇప్పుడు నా సంగతి.

నా పక్కటెముకల కింద నొప్పి మిషన్ మీద వంగడం వల్ల కావచ్చు. కాకపోవచ్చు. సెలవు రానీ, చూద్దాం అని నేనూ రోజులు నెడుతున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఈ పోస్ట్ చదివి మా అమ్మకు ఇప్పుడే తెలుస్తుంది.

అమ్మా, ఏడవకు. రేపు నాతో రా.

రేపు పని ఉన్న రోజే. రానని సేఠ్‌కు చెప్పేశాను. పొద్దున్నే హాస్పిటల్‌కు పోతున్నాం. రేణుక తానూ వస్తానన్నది. తల్లి పోయి మూడో రోజు కూడా కాలేదు, ఇల్లు దాటకూడదని చెప్పాను. "అమ్మ ఉంటే నీతోని వచ్చేది గద," అని ఫోన్ పెట్టేసింది.

చాలా భయంగా ఉంది. టైప్ చేస్తుంటే వేళ్లు ఒక అక్షరానికి ఇంకో అక్షరం కొడుతున్నాయి. రేపు వాళ్లు ఏం చెబుతారో అన్న దగ్గరే బుర్ర ఆగిపోయింది.

అయినా పోతున్నాను. భయంతోనే పోతున్నాను.

పోయిరా పద్మక్కా. ఇప్పుడైనా నీ ఒళ్లు, నీ మనసు నిమ్మళంగా ఉండాలి.